రెండేళ్లకో సంతకం

"చెక్‌లిస్టు తీయరా, మాస్టారూ?"

"నలభై ఏళ్లు చదివాను. తల దువ్వుకోవడానికి కూడా పుస్తకం చూడమంటావేంట్రా?" అంటూ ఎల్డన్ ఇంజను తిప్పేశాడు.

పదహారేళ్ల వయసులో కర్ట్‌కి విమానం నడపడం నేర్పింది ఈ మనిషే. అప్పట్లో ఆ కాగితం మీద వేలుపెట్టి ఒక్కో పంక్తీ పైకి చదివితే గాని తాళంచెవి చేతికిచ్చేవాడు కాదు. ఇప్పుడాయనకి డెబ్బై ఆరు. పరీక్ష పెట్టేది కర్ట్. ప్రతి పైలటూ రెండేళ్లకోసారి ఒక బోధకుడితో కలిసి ఎగిరి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టించుకోవాలి. అది లేకపోతే ఒంటరిగా ఎగరడానికి వీల్లేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఆ మూల చుట్టుపక్కల నలభై మైళ్లలో ఆ సంతకం పెట్టేవాడు కర్ట్ ఒక్కడే.

"మీ విమానం తేలేదేం?"

"ఇంజను విప్పి పొలంలో షెడ్డులో పడేశాను. నీ ఫ్లయింగ్ క్లబ్బుది చాల్లే."

విమానం ఎక్కకముందు పెట్రోలులో నీళ్లు చేరాయేమోనని కూడా చూసుకోలేదాయన. అత్తగారు మరిచిపోయిన ఉప్పుని కోడలు చాటుగా కూరలో వేసినట్టు, ఆయన అటు తిరగ్గానే కర్టే వెళ్లి చూసొచ్చాడు. చూడలేదేమని అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.

పైకి లేచాక ఎల్డన్ పక్కన ఇంకో విమానముందేమో చూడకుండానే విమానాన్ని ఎడమకి తిప్పాడు.

"అటువైపు చూశారా, మాస్టారూ?"

"చూడ్డానికేముందిరా, మొక్కజొన్నేగా. పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

కర్ట్ నవ్వాడు. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంకొకరెవరైనా అయితే అక్కడే దింపేసి, పది గంటలు ప్రాక్టీసు చేసి రమ్మనేవాడు.

కాసేపటికి ఎల్డన్ అడిగాడు. "కిందటి అక్టోబర్లో మా వెర్న్‌కి పరీక్ష పెట్టింది నువ్వే కదూ?"

"నేనే."

"బాగా నడిపాడా?"

"బాగానే నడిపాడు, మాస్టారూ."

అది అబద్ధం. వెర్న్, ఎల్డన్ తమ్ముడు. ఆ రోజు దిగిన రెండుసార్లూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేగంతో వచ్చి, రన్‌వే సగం దాటాక దిగాడు. "కాస్త నిదానించు వెర్న్," అని, ఓ రోజు మళ్లీ తీసుకెళ్లి సరిచేద్దాంలే అనుకుని కర్ట్ సంతకం పెట్టేశాడు. ఆ రోజు రానేలేదు. మార్చిలో వెర్న్ ఎవరిదో పొలంలో పొడవు చాలని గడ్డి రన్‌వే మీద దిగబోయి, ఆగలేక చివరనున్న చెట్లకి కొట్టుకున్నాడు. వెనకగాలి తోసిందన్నారు అందరూ. చర్చిలో శవపేటిక పక్కన నిలబడి కర్ట్ కూడా గాలేనన్నాడు.

ఆ తర్వాతి నెల, క్లబ్బు సభ్యులకి తను పంచే సలహాల కాగితంలో ఇలా రాశాడు: "దిగడం కుదరదనిపిస్తే మళ్లీ పైకి లేవండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు." చదివినవాళ్లంతా మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ కర్ట్‌కి తల కొట్టేసినట్టయ్యేది.

రన్‌వే ఎదురుగా వచ్చేసింది. అరవై ఐదు దగ్గరుండాల్సిన వేగం ముల్లు తొంభై మీదుంది. మళ్లీ పైకి లేపండి అనాలి. ఊరందరి కోసం అచ్చువేయించిన మాటే. కానీ ఈయనకి నేను చెప్పడమేమిటి అనిపించింది. సగం రన్‌వే కింద నుంచి జారిపోయాక గాని చక్రాలు ఆనలేదు. ఎల్డన్ బ్రేకుల మీద నిలబడ్డంత పని చేశాడు. మొక్కజొన్న చేను పది గజాలుందనగా విమానం ఆగింది.

"ఎలా ఉందిరా?"

"గాలి కాస్త వెనక నుంచి తోసింది, మాస్టారూ."

పక్కన స్తంభానికి కట్టిన, గాలి ఎటుందో చూపే గుడ్డగొట్టం కదలకుండా వేలాడుతోంది. ఎల్డన్ దానివైపొకసారి చూశాడు. కర్ట్ ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

ఆఫీసులోకొచ్చాక ఎల్డన్ రెండు కప్పుల్లో కాఫీ పోసి, తన లాగ్‌బుక్కు తెరిచి బల్ల మీద పెట్టాడు.

"నిజం చెప్పు. దీంట్లో సంతకం పెట్టొచ్చా, కూడదా? కూడదంటే నేనేమీ అనుకోను."

కర్ట్ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. కూడదని చెప్పాలని తెలుసు. చెబితే ఈ ముసలాయన టోపీ పెట్టుకుని మౌనంగా నడిచి వెళ్లిపోవడం ఊహించుకున్నాడు. తమ్ముడు పోయి మూడు నెలలైనా కాలేదు, ఇప్పుడు ఆకాశం కూడా లాక్కోనా అనుకున్నాడు. శనివారం నుంచి వారం వారం తనే తీసుకెళ్లి సరిచేస్తానని మనసులో ఒట్టేసుకున్నాడు. అక్టోబర్లో వేసుకున్న ఒట్టూ ఇదేనని గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"భలేవారే, మాస్టారూ. మీకు నేను వంక పెట్టడమా?" అని సంతకం చేసేశాడు.

ఎల్డన్ కళ్లజోడు పెట్టుకుని ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు.

"మా వెర్న్ పుస్తకంలోనూ ఇంతే చక్కగా ఉంది," అన్నాడు.

కర్ట్‌కి భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. మాట మార్చాలి.

"శనివారం ఇంకోసారి ఎగురుదాం, మాస్టారూ, సరదాగా. మీ విమానంలోనే. అప్పటికి ఇంజను బిగిస్తారా?"

ఎల్డన్ లాగ్‌బుక్కు మూయలేదు. సంతకమున్న పేజీని అలాగే కర్ట్ వైపు తిప్పి, టోపీ పెట్టుకుని లేచాడు.

"నాకీ సంతకంతో పనేముందిరా? విమానాన్ని మా వెర్న్‌ని మట్టిచేసిన మర్నాడే అమ్మేశాను."