మెట్లెక్కక్కర్లేని ఇల్లు

దగ్గరికి జరగండి. ఇంకాస్త. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పర్మిషన్ల ఆఫీసు గోడలకి మనకంటే చెవులెక్కువ.

గుట్ట వాలులో ఒక మామ్మ ఇల్లుంది. ఎండైనా, వానైనా, ఏదీ లేకపోయినా చంకలో నల్ల గొడుగు పెట్టుకుని ఆఫీసుకి వెళ్లేది. అక్కడివాళ్లే ఆమెకి గొడుగు మామ్మ అని పేరు పెట్టారు. పేరైతే అర్జీ లేకుండానే ఇచ్చారు. ఆమె అడిగిన కాగితం మాత్రం ఇవ్వలేదు.

ఆమె అడిగింది ఎంత? ఇంటి మీద ఒకే ఒక్క గది వేసుకోవడానికి అనుమతి. ఉన్నవి రెండు గదులు. వాటిలో మామ్మ, కొడుకు, కోడలు. ఒకరు పక్కకి తిరిగి పడుకోవాలంటే మిగతా ఇద్దర్నీ లేపి చెప్పాలి. పైగా కోడలికి మూడో నెల.

"వచ్చే నెల రా మామ్మా, అయిపోతుంది," అన్నాడు గుమాస్తా.

ఏమయింది? ఫైలు మొదటి బల్ల మీదుండగానే మనవరాలు పుట్టింది. రెండో బల్ల దగ్గరికి వచ్చేసరికి బోర్లా పడింది. మూడో బల్ల దగ్గర నడక నేర్చింది. నాలుగో బల్ల మీద ఫైలు దుమ్ము దులిపేసరికి కోడలు మళ్లీ నిండు నెలల మనిషి.

మామ్మ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "బాబూ, మా కోడలు రెండో కాన్పుకి సిద్ధమయింది. మీ ఫైలుకి ఇంకా మొదటి కాన్పు కాలేదేం?"

గుమాస్తాకి మండింది. "ఇంకొక్కటే మిగిలింది. పైన స్థలం ఖాళీగా ఉందని ఆఫీసరుగారు స్వయంగా చూసి రాయాలి. గుర్తుంచుకో, అనుమతి రాకముందే ఒక్క ఇటుక పేర్చినట్టు తెలిసినా ఫైలు మూసేస్తాం. కట్టింది కూల్చేస్తాం."

"ఒక్క ఇటుకకేనా బాబూ?"

"అర ఇటుకకైనా సరే."

మామ్మ గొడుగుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

ఆ ఆఫీసరుకి టేపు ఆఫీసరని పేరు. నడుముకి కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. అది విప్పగా చూసినవాళ్లు ఎవరూ లేరు. మామ్మ ఇంటికి వస్తానని ఏడుసార్లు చెప్పి, ఏడుసార్లూ ఎగ్గొట్టాడు. మోకాళ్ల నొప్పులు.

"గుట్ట మీద ఇల్లంటే మెట్లుంటాయి కదా మామ్మా," అని మూలిగాడు.

"ముందు సందులో అయితే మీ కారు పట్టదు, నడవాలి. వెనక వీధిలోంచి రండి బాబూ. కారు గుమ్మం ముందే ఆగుతుంది. ఒక్క మెట్టు ఎక్కినా నన్నడగండి."

ఆఫీసరు ముఖం చేటంత అయింది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే కొడుకు బతిమాలుకున్నాడు. "అమ్మా, ఇవాళ ఒక్కరోజు నోరు మెదపకు. నీ నోట నిజం తప్ప రాదు. ఆఫీసర్లకేమో నిజం అరగదు."

"అడిగినదానికి చెప్పకపోతే ఎలారా? మర్యాద కాదు," అంది మామ్మ.

ఆఫీసరు వచ్చాడు. గుమ్మంలోంచి నాలుగడుగులు వేసి కుర్చీలో కూలబడ్డాడు. కిటికీలోంచి గాలి ఈలలు వేస్తూ వస్తోంది. పక్కింటి నీళ్ల ట్యాంకు మీది పావురాలు ఆయన్ని తలలు తిప్పి తిప్పి చూస్తున్నాయి.

"అబ్బ, ఏం గాలమ్మా! ఇంత హాయిగా ఉంటే ఇంకో గది ఎందుకు నీకు?"

"మనుషులు పెరిగారు బాబూ. గాలి కట్టుకుని పడుకోలేం కదా."

కోడలు ఆయాసపడుతూ కాఫీ తెచ్చింది.

"ఏమ్మా, వంటింట్లోంచి ఇక్కడికి రావడానికే ఇంత రొప్పా?"

"నిండు నెలలు బాబూ," అంది మామ్మ.

ఆఫీసరు ముక్కు ఎగబీల్చాడు. "కొత్త సున్నం వాసన వస్తోందే?"

కొడుకు కిటికీ రెక్క ఇంకాస్త తెరిచాడు.

"మీరొస్తారంటే ఇల్లు శుభ్రంగా ఉండొద్దూ? నిన్నటికి ఆరింది," అంది మామ్మ.

ఆఫీసరు పొంగిపోయాడు. కాగితం తీసి, కలం మూత విప్పాడు. "సరే. పైన ఏమైనా కట్టారా?"

మామ్మ గొడుగు మొనతో పైకప్పుని చూపించింది. "దీని పైనా? కాకులు వాలతాయి బాబూ. ఆపైన ఆకాశం."

"ఇటుకలు? సిమెంటు?"

"దీని మీద ఒక్కటీ లేదు బాబూ."

"ఎక్కి చూడాలి మామ్మా. రూలు."

"అయ్యో, చూడండి. ఒరేయ్, ఆ పొడుగు నిచ్చెన తీసుకురా. ఒక మెట్టు విరిగింది, చూసి వేయి."

ఆఫీసరు మోకాలు తడుముకున్నాడు. "వద్దు వద్దు. పెద్దదానివి, అబద్ధం చెబుతావా?"

"ఇంత వయసొచ్చింది బాబూ. ఇప్పుడెందుకు నేర్చుకోవడం?"

ఆయన రాశాడు. 'స్వయంగా పరిశీలించితిని. పైన ఖాళీ. ఒక్క ఇటుకైనా లేదు. అనుమతి ఇవ్వవచ్చును.' కింద చాంతాడంత సంతకం.

కారు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, ఇంటిని చూసి జాలిపడ్డాడు కూడా. "త్వరగా కట్టుకో మామ్మా. ఇన్నాళ్లూ ఎలా సర్దుకున్నావో పాపం!"

"మీరు కట్టుకోమన్నారు కదా, ఇక బెంగలేదు," అని మామ్మ గొడుగెత్తి దీవించింది.

వారం తిరక్కుండా అనుమతి కాగితం ఇంటికొచ్చింది.

ఈ సంగతి గుర్తుంచుకోండి, పదిమందికీ చెప్పండి, కానీ చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్కని చివరిదాకా కొంగున ముడివేసి ఉంచండి: ఆఫీసరుగారు కాలు మీద కాలేసుకుని, కాఫీ తాగి, 'ఒక్క ఇటుకైనా లేదు' అని రాసింది ముందు సందులోంచి పద్దెనిమిది మెట్లెక్కితే గానీ రాని, గుట్ట పైనున్న వెనక వీధికి మాత్రం సమంగా ఉన్న ఆ కొత్త పైగదిలో కూర్చునే.