తినే చెయ్యి పక్క

"ఏ కన్నమ్మా? కుడా, ఎడమా?"

చింతామణిలోని కంటి ఆస్పత్రి. బిల్లింగ్ కిటికీ ఇవతల కూర్చున్న సుమ అడిగింది.

కిటికీ అవతల తిమ్మక్క, ఊరు కెంచార్లహళ్ళి. ఇటు తల తిప్పింది, అటు తిప్పింది, నవ్వింది.

ముసలోళ్ళ నోట కుడి ఎడమలు చెప్పించడం సుమకు పెద్ద తలనొప్పి. ఇన్సూరెన్స్‌కు పంపే కోడ్ చివర కుడి కంటికి ఆర్‌టీ, ఎడమ కంటికి ఎల్‌టీ తగిలించాల. అది తప్పితే ఆపరేషన్ ఆగిపోతుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది.

"అన్నం తినే చెయ్యి పక్కదా అమ్మా?"

"ఊ, ఆ పక్కదే తల్లీ."

సుమ ఆర్‌టీ కొట్టేసింది. డాక్టర్ చీటీ ఒకసారి చూద్దామని తోచలేదు మహాతల్లికి!

మర్నాడు తిమ్మక్క వచ్చేసరికే క్లెయిమ్ తిరిగొచ్చింది. కుడి కంటికి పోయినేడే ఆపరేషన్ అయిపోయిందంట.

"తినే చెయ్యి పక్క అంటివి కదమ్మా!" సుమ గయ్యిమంది.

"ఈ చేత్తోనే కదా నేను తినేది." తిమ్మక్క ఎడమ చెయ్యి చూపించింది. కుడి చెయ్యి కొంగు కిందే ఉంది.

"ఎవరన్నా ఎడమ చేత్తో తింటారా? ముందే చెప్పేదానికేమి? నా కొంప ముంచితివి!"

ఇంచార్జి నాగేశ్ రానే వచ్చాడు.

"మళ్ళీ తప్పా సుమా? ఇంకొకటి వస్తే ఈ సీటు ఉండదని చెప్పుంటిని కదా?"

సుమ జీతం మీదే తల్లీ కూతుళ్ళు బతికేది.

తిమ్మక్క సుమ ముఖంలోకే చూస్తూ నిలబడింది. తర్వాత నాగేశ్ వైపు తిరిగింది.

"బిడ్డనేమీ అనొద్దప్పా. పాప మళ్ళీ మళ్ళీ అడిగె. కుడి కన్నని నేనే చెప్తిని. ముసల్దాన్ని, మతి తప్పె."

నాగేశ్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సుమ ఎల్‌టీ అని మార్చి పంపింది. ఆ ముసలామెకు ఒక మంచి మాట చెప్పిందా? లేదు. ఇదంతా నీవల్లే అన్నట్టు మూతి ముడుచుకుని కూర్చుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పినాక తిమ్మక్క మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది. నల్ల కళ్ళజోడు పైకెత్తి సుమను తనివితీరా చూసింది.

"గడ్డం కింద మచ్చ బాగా మాసిపోయిందే! సల్లగుండు తల్లీ."

"సరే సరే, జరుగమ్మా. వెనక జనం ఉండారు."

తిమ్మక్క నవ్వుకుంటా పోయి బస్సెక్కింది.

సాయంత్రం అమ్మ లక్ష్మీదేవమ్మ చేత తలకు నూనె పెట్టించుకుంటూ సుమ ఆ కథంతా చెప్పింది.

"ఎడమ చేత్తో తింటాదంటమ్మా! పోతా పోతా నా మచ్చ చూసి ఒకటే మురిసిపోయె."

లక్ష్మీదేవమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కుడి చెయ్యి కొంగులో దాచుకోనుండెనా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

"అయ్యో, నా తల్లే! కాళ్ళకు మొక్కుదామని ఆయమ్మను ఎన్ని ఊర్లు వెతికితినే!" లక్ష్మీదేవమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేను రేష్మె షెడ్డులో పట్టునూలు తీస్తాంటే, నువ్వు పాకతా పోయి పట్టుగూళ్ళు ఉడికే బానను లాగితివి. నీ గడ్డానికి ఒక చుక్క తగిలె, తక్కిన నీళ్ళన్నీ అడ్డం పెట్టిన ఆయమ్మ కుడి చేతి మీద పడె."