రాణీగారి వంశం

"ఆ రాయి జోలికి వెళ్ళకండి," అంటూ జగన్నాధం క్రేనుకు అడ్డంగా నిలబడ్డాడు.

డ్రైవరు ఇంజను ఆపి బీడీ వెలిగించాడు. శృంగవరపుకోట దగ్గరున్న ఆ ఊరికి అది పండగ రోజు. కాసేపట్లో మెట్ట మీద రాణి దుర్గాభవాని విగ్రహం నిలబెట్టాలి. సిమెంటు రాణి గుర్రమెక్కి, కత్తి దూసి, లారీలో ఎదురుచూస్తోంది. ఆవిడకి ఆ రాయి అడ్డం. రాయికి ఈ మనిషి అడ్డం.

రాయి పొట్టిది. చేట పట్టుకున్న ఆడమనిషి బొమ్మ దాని మీద అరిగిపోయి ఉంది. ఆవిడ తవిటమ్మ. కరువు రోజుల్లో జమీందారు ధాన్యపు కొట్టు తలుపులు బద్దలుకొట్టించి, ఊరికి గింజలు పంచింది. ఆ మెట్ట మీదే తుపాకీ దెబ్బకు పోయింది. మొన్నమొన్నటిదాకా ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తర్వాత నవల వచ్చింది.

నవల్లో మెట్ట ఉంది, కరువు ఉంది, తవిటమ్మ లేదు. ఆవిడ చోట్లో రాణి ఉంది. రాణికి గుర్రం, సేనాపతి, యుద్ధాలు, వెన్నెల్లో ఒక పాట కూడా ఉన్నాయి. చదివినవాళ్ళు చదివారు, మిగతావాళ్ళు విన్నారు. ఏడాది తిరక్కుండా సగం ఊరు రాణీగారి వంశమైంది, సగం సేనాపతిగారి వంశమైంది. తవిటమ్మ తాలూకు అని చెప్పుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

విగ్రహ కమిటీ అధ్యక్షుడు గిరిబాబుది సేనాపతి వంశం. కండువా సర్దుకుంటూ వచ్చాడు.

"ఏటి సార్ ఇది? శుభమా అని పని జరుగుతంటే."

"ఆ రాణి ఎప్పుడూ లేదయ్యా. అదంతా కల్పన. నిజంగా ఉన్నది తవిటమ్మ. ఈ రాయి పోతే ఆవిడ గుర్తు ఇంకెక్కడా ఉండదు."

"రాణీగారు నేకపోతే మా ముత్తాత ఎవరి కాడ సేనాపతిగా సేసినాడు?"

జగన్నాధం హిస్టరీ లెక్చరరుగా రిటైరయ్యాడు గానీ, ఇలాంటి ప్రశ్న ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు.

"తవిటమ్మంటే కూలికెళ్ళే మనిషి. గింజలు దోసిన మనిషి. ఆవిడ బొమ్మ ఎట్టుకుంటే పక్కూరోళ్ళు ఏటనుకుంతారు? అసలు మీరు నవల సదివినారా?"

"చదివాను," అన్నాడు జగన్నాధం నీరసంగా.

"సరిగ్గా సదవనేదు. మళ్ళీ సదవండి."

జనం నవ్వారు.

వేదిక మీద ముఖ్య అతిథిగా రచయిత్రి ఈశ్వరి కూర్చుని ఉంది. పట్టుచీర, శాలువా, ఒళ్ళో కమిటీ ఇచ్చిన ఇత్తడి కత్తి. ఆవిడ జగన్నాధం భార్యే. ఊరికి ఒళ్ళు మండింది అక్కడే.

"పెళ్ళానికి పేరొచ్చీసరికి తట్టుకోనేకపోతన్నాడు," అంది ముందు వరసలోంచి జగ్గమ్మ. ఆవిడది రాణీగారి వంశం. "మా ఇంటాయనా ఇంతే. నేను డ్వాక్రా లీడరైనప్పుడు అలిగి అన్నం మానేసినాడు."

"ఈ గొడవెందుకు, రాసినోళ్ళే సెప్తారు," అని గిరిబాబు వేదిక వైపు తిరిగాడు. "మేడమ్, రాణీగారు ఉన్నారా, నేరా?"

ఈశ్వరి లేచి మైకు అందుకుంది. ఒకసారి భర్త వైపు చూసింది.

"నవల్లో అయితే ఉన్నారండి," అంది.

చప్పట్లు మోగిపోయాయి. వాళ్ళకి అంతే చాలు.

జగన్నాధానికి ఒక మాట నోటిదాకా వచ్చింది. అది అనేస్తే క్రేను ఆగేది. వేదిక మీద ఈశ్వరి మొహం చూసి మింగేశాడు. ఇద్దరు వచ్చి ఆయన్ని మర్యాదగానే రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. రాయి ఒక్క ఊపుకే లేచింది. ఎక్కడ పెట్టాలో ఎవరూ అనుకోలేదు కాబట్టి, మెట్ట కింద కాలవ దాటడానికి పనికొస్తుందని బోర్లా వేశారు. ఆయనకి ఏడుపొచ్చింది.

కారు విజయనగరం చేరేసరికి కూడా ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇప్పుడేడిస్తే ఏం లాభం," అంది ఈశ్వరి, శాలువా మడతపెడుతూ. "ఆడవాళ్ళ పేరుంటేనే జనం చదువుతారని ఆ నవల నా పేరెట్టి రాసుకున్నారు సరే, ఆ తల్లి పేరైనా ఆవిడకి ఉంచి రాయకపోయారా?"