కాలిన ముక్క

"ఇహ్సాన్! బయటికి రా! నా కూతురి పెళ్లి దుప్పటి తగలబెట్టి లోపల ఎలా కూర్చున్నావే?"

మూడో అంతస్తు బాల్కనీలోంచి నగాత్ అరిచిన అరుపుకి సందులో పావురాలన్నీ లేచిపోయాయి. ఇన్నేళ్లూ అక్కా అని పిలిచిన నోటితోనే ఇవాళ పేరు పెట్టి పిలుస్తోంది. ఆమె చేతిలో ఎర్రవీ పచ్చవీ ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ. దాని మధ్యలో ఇస్త్రీపెట్టె అడుగంత గోధుమరంగు మచ్చ. వెనకాల పెళ్లి సామాను పెట్టె ఎర్ర రిబ్బను కట్టించుకుని రేపటి ఊరేగింపు కోసం ఎదురుచూస్తోంది.

కింద ఇంట్లోంచి ఇహ్సాన్ గరిటెతోనే బయటికి ఉరికింది.

"నేను తగలబెట్టానా? మంచి గుడ్డే పంపాను. నీ కళ్లల్లో నిప్పులు పడి కాలిందేమో!"

"కుట్లు అణచి ఇమ్మని పంపితే మాడ్చి పంపావు! రేపు కైరో సగం చూస్తుండగా ఈ దుప్పటి బండి మీద పెట్టాలి. వియ్యపురాలి నోరు నీకు తెలీదూ? బల్ల పంపు. ఇక నువ్వు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు!"

బల్లంటే మోచేతి పొడవున్న చిన్న ఇస్త్రీ బల్ల. పైన మెత్తటి గుడ్డ తొడుగు. కుట్టుమిషను పక్కన పెట్టుకుని, కుట్టిన కుట్టు కుట్టినట్టే అణచుకోవచ్చు. అది మధ్య అంతస్తులో ఉండే ముతవల్లీ భార్య కరీమాది. పోయేముందు, ఇద్దరూ కలిసి వాడుకోండని వీళ్ల చేతుల్లో పెట్టింది. అప్పట్నుంచీ అది తాడు కట్టిన బుట్టలో పైకీ కిందికీ తిరుగుతోంది.

"కరీమా నాకిచ్చింది!"

"నాకూ ఇచ్చింది!"

బల్ల ఉన్న బుట్ట తాడుని నగాత్ పైనుంచి లాగింది. ఇహ్సాన్ కిందనుంచి బుట్ట పట్టుకుని వెనక్కి గుంజి, ఠక్కున వదిలేసింది. బుట్ట ఊగుతూ పోయి మధ్య అంతస్తు మూసిన కిటికీకి ధడాలున తగిలింది.

ఉడికించిన చిక్కుడుగింజలు అమ్మే బయూమీ బండి ఆపాడు. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదుటమ్మా మీకు? పెళ్లాం పోయి పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి కిటికీ ముందా ఈ రచ్చ?"

"ముతవల్లీ బాబాయికి ఏం వినపడుతుంది?" ఇహ్సాన్ కసిరింది. "పొద్దున పెట్టిన పళ్లెం మూత తియ్యకుండా గుమ్మంలోనే ఉంది. నిన్నటిదీ అంతే. పిలిస్తే పలకడు. నీ పని నువ్వు చూసుకో!"

"మీతో మాట్లాడ్డం నాదే బుద్ధి తక్కువ," అని బయూమీ బండి తోసుకుపోయాడు.

"అసలు నీకు ఇస్త్రీ వచ్చా?" నగాత్ మళ్లీ మొదలుపెట్టింది.

"ఎందుకు రాదు? పెట్టెని బరబరా లాగితేనే కుట్టు అణుగుతుంది. కరీమా అలాగే లాగేది!"

"తడిగుడ్డ వేశావా?"

"కరీమా ఏనాడూ తడిగుడ్డ వెయ్యలేదు!"

కిటికీ రెక్కలు గోడకి కొట్టుకున్నాయి.

"నోళ్లు మూస్తారా, మూయించమంటారా!"

ముతవల్లీ గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు. గొంతు మాత్రం సందు మొగలో ఇస్త్రీ కొట్టు నడిపిన రోజుల్లోదే. మరుక్షణం మెట్లమీద చెప్పుల చప్పుడు. మాసిన గలాబియా అంగీతోనే ఇహ్సాన్ గుమ్మంలో కూలబడి, "తే! బల్ల తే! పెట్టె వేడెక్కించు!" అని అరిచాడు. నగాత్ బల్లతో, కాలిన గుడ్డతో పరుగున దిగింది.

"లాగుతారుటే? కుట్టుని లాగుతారుటే, దద్దమ్మల్లారా! లాగితే సాగుతుంది, వంకర పోతుంది!"

నోట్లోకి నీళ్లు తీసుకుని గుడ్డమీద తుంపరగా ఊదాడు. తడిగుడ్డ పరిచాడు. పెట్టెని దించాడు, ఎత్తాడు. వెంటనే చెక్క దిమ్మ పెట్టి రెండు చేతులా అదిమాడు. దిమ్మ తీసేసరికి కుట్టు కాగితంలా అణిగి ఉంది.

"అద్దాలి. అంతే. కరీమా జన్మలో లాగలేదు. పోయినదాని మీద అబద్ధాలు చెబుతారా? నోరెలా వచ్చిందే మీకు?" గుడ్డని వేళ్లతో నలిపి చూశాడు. "పెళ్లి దుప్పటికి ఇంత నాసిరకం గుడ్డా? పాత దిండు గలీబులా ఉంది!"

నగాత్ తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని మొహం తిప్పేసుకుంది.

ముతవల్లీ బల్లమీద చెయ్యి వేసి ఆగిపోయాడు. "ఈ బల్ల నేనే చెక్కాను. తొడుగు అది కుట్టుకుంది. మాసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేసేది, మొండిది. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది. నన్నొక్కణ్ణీ వదిలేసి పోయింది!" అని పిడికిలితో గడప మీద గుద్దాడు. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా కోపం.

ఇహ్సాన్ మొలోఖియా కూర పళ్లెం, వేడి రొట్టె ఆయన పక్కన పెట్టింది. ఆయన తిడుతూనే రొట్టె తుంచాడు, తిడుతూనే ముంచాడు.

"వెల్లుల్లి చాల్లేదు. వంటా రాదు మీకు! ఇంకో రొట్టె ఇలా పడెయ్."

తిని, చెయ్యి కడుక్కుని లేచాడు.

"చెప్పాను కదా, ఎలాగో. రేపు మళ్లీ ఈ ఇస్త్రీ గొడవ నా చెవిన పడిందో, చచ్చినా కిందికి రాను!"

మెట్లెక్కి వెళ్లిపోయాడు. కిటికీ మాత్రం మళ్లీ మూయలేదు.

ఇహ్సాన్ ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకుంది. నగాత్ పైకి ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"రేపు దేనిమీద తిట్టుకుందాం, అక్కా?"