బూడిదరంగు తెర

సరిహద్దు తనిఖీ గదిలో సార్జెంటు తింటున్న అరెపా అనే మొక్కజొన్న రొట్టె పక్కన పెట్టి, విద్యార్థిని యోసెలిన్ ల్యాప్‌టాప్ తెరిచాడు. తెరంతా బూడిదరంగు. ఒక్క ఐకాన్ లేదు, గడియారం కూడా కనబడదు.

ఐకాన్లన్నీ మాయం చేసి ఆ ముస్తాబు యోసెలినే చేసుకుంది. దేశాధ్యక్షుడికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపు ఫొటోలన్నీ దాని వెనకే ఉన్నాయి.

“ఏం దాచావమ్మాయ్?”

“ఏం లేద్సార్. ఇలా బోసిగా ఉంచుకోవడం ఇప్పటి ఫ్యాషన్.”

“కరువులో మా అమ్మమ్మ వంటిల్లు కూడా ఇంత ఖాళీగా లేదు,” అంటూ అతను లేచి తలుపు గడియ వేశాడు.

సార్జెంటు సొరుగులోంచి తన ల్యాప్‌టాప్ తీసి ఆమె ముందు పెట్టాడు. అతని గొంతు బాగా తగ్గిపోయింది.

“నాదీ ఇలాగే చేసిపెట్టు తల్లీ. మధ్యాహ్నం పై అధికారులొచ్చి మావి కూడా వెతుకుతారట. ఇందులో మా చెల్లెలు ఊరేగింపులో జెండా పట్టుకున్న ఫొటోలున్నాయి.”