పాత స్పీడు

“మెల్లగానే పెట్టమంటే నీకు అర్థం కాదా?”

తల్లి అరిచిన అరుపుకి కూతురి చేతిలోని కేబుల్ జారి కిందపడింది.

“అమ్మా, ఇంకోసారి అరిచావంటే ఇవన్నీ సర్దుకుని వెళ్లిపోతాను. పొద్దున్నుంచీ దీంతో కుస్తీ పడుతున్నాను.”

“ఎవరు పడమన్నారు? చెప్పినట్టు చేస్తే ఈపాటికి అయిపోయేదిగా!”

ఈ గొడవంతా తనకి పట్టనట్టు తండ్రి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గొంతుకేమీ కాలేదనీ, మాట్లాడాలన్న ఆసక్తే పోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనేదైనా చేయించి చూడమంది. ఇలాగే వదిలేస్తే ఇక ఎప్పటికీ మాట్లాడకపోవచ్చని కూడా అంది.

ఆయన ఇష్టంగా చేసిన పని అంటే ఒకటే, పాత కంప్యూటరు ముందు కూర్చోవడం. టీవీకి తగిలించుకుని, క్యాసెట్ టేపులోంచి ఆటలు ఎక్కించుకునే రకం అది. ఎప్పుడో కాలిపోయింది. అందుకే కూతురు తన ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టింది. అంటే ఈ ల్యాప్‌టాపే ఆ పాత కంప్యూటరులా వేషం వేస్తుందన్నమాట. అటక మీద మిగిలిన టేపుల్ని మోగించి, వాటిలోంచి వచ్చే కీచు శబ్దాల్ని ఫైళ్లుగా మార్చేసరికి ఆమెకి ప్రాణం విసిగిపోయింది. అంతా అయ్యాక ఇప్పుడు ఈ పేచీ.

“టేపు లోడవడానికి బోలెడంత సేపు పడుతుందమ్మా. ఇందులో ఫాస్ట్ లోడ్ అని ఉంది. నొక్కితే చిటికెలో ఆట వచ్చేస్తుంది.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దు. పాత స్పీడే పెట్టు.”

కూతురు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. తలుపు తెరుచుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, జనం ఫోన్ చేసి దులిపేస్తారు. ఎదురుచూడటమంటే ఆమె దృష్టిలో రిపేరు చేయాల్సిన వ్యవహారం.

“అసలు నీకా కంప్యూటరంటేనే పడదు. సవతి అనేదానివిగా దాన్ని!”

“ఇప్పటికీ అంటాను. గడపలో చెప్పులు విప్పీ విప్పకముందే దాని దగ్గరికి పరిగెడితే, సవతి కాక అత్తగారంటారా?”

“ఆటలు చప్పున రావాలని నాన్న టేపు బదులు డిస్కు పెట్టె కొనుక్కున్నారు. నాకు ఊహ తెలిసేటప్పటికి అదే ఉంది. దాన్నేమో నువ్వు పాతసామాన్లవాడి బండిలో పడేశావు!”

“పడేశాను. ఆ మాయదారి పెట్టె వచ్చాకే ఇల్లు శ్మశానంలా తయారైంది. ఏం లాభం? మర్నాడే ఇంకోటి తెచ్చుకున్నారు.”

కూతురు పళ్లు కొరికింది. మనిషి మాటా పలుకూ లేకుండా పడి ఉంటే ఈవిడకి ఇంకా ఆ పాత కుళ్లేనా? ఇక వాదన అనవసరం. తల్లి చూస్తుండగానే ఫాస్ట్ లోడ్ నొక్కింది.

చిటికెలో రైలు ఆట వచ్చింది. తండ్రి మెడ ఇటు తిరిగింది. ఆయన తనంతట తానే కుర్చీ ముందుకి జరుపుకుని, మీటల మీద వేళ్లు పెట్టాడు. రైలు పట్టాలు మారుతూ సాగిపోయింది. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చూశావా!”

“మాట్లాడారా?”

“ఉండమ్మా, ఇప్పుడేగా...”

“మాట్లాడారా అని అడిగాను.”

“నాన్నా!” అని పిలిచింది కూతురు. పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే, ఈగని తోలినట్టు తోసేశాడు. ఆట అయిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ చిటికెలో రైలు వచ్చింది.

“ఇదే నేను వద్దన్నది!” తల్లి బల్ల మీద గట్టిగా చరిచింది. “తీసెయ్, పాత స్పీడు పెట్టు!”

“సరే! నీ పంతమే నెగ్గనీ. ఎదురుచూస్తూ కూర్చుని చావండి ఇద్దరూ!”

కూతురు విసురుగా స్పీడు మార్చి, ఆటని మొదట్నుంచీ ఎక్కేలా పెట్టి, వంటింట్లోకి వెళ్లి ధడాలున తలుపేసుకుంది. వెనక ల్యాప్‌టాప్ కీచుమంటూ ఆటని ఎక్కించడం మొదలుపెట్టింది. ఒళ్లు మండిపోయి, కడిగిన గ్లాసుల్నే మళ్లీ కడగసాగింది.

“ఊఁ... ఇంకేంటి కబుర్లు?”

బొంగురుగా ఉంది కానీ తండ్రి గొంతే. గ్లాసు సింకులో వదిలేసి పరుగెత్తింది.

తెర మీదకి ఆట ఇంకా రాలేదు, అంచుల వెంట రంగు చారలు పరుగెడుతున్నాయంతే. తండ్రి తెరకి వీపు పెట్టి తిరిగి కూర్చున్నాడు. తల్లి స్టూలు లాక్కుని, ఆయన మోకాళ్లకి తన మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

“పై వాటావాళ్ల కుక్క మళ్లీ మీ చెప్పు ఎత్తుకుపోయింది.”

“ఏ కాలిది?”

“ఎడమది.”

“కుడిది కూడా ఇచ్చెయ్. దానికైనా పనికొస్తుంది.”

తల్లి పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా కూతురు ఎన్నడూ చూడలేదు.

“ఆ కుక్క మీదకి వస్తే నేను...” అని తల్లి ఏదో చెప్పబోతుండగా కీచు శబ్దం ఆగింది. రైలు ఆట వచ్చింది. తండ్రి ఠక్కున అటు తిరిగి మీటలు అందుకున్నాడు.

“వింటున్నారా?” అంది తల్లి. ఆయన ఉలకలేదు, పలకలేదు.

తల్లి చెయ్యి చాచి ల్యాప్‌టాప్ మూసేసింది.

“ఎందుకమ్మా మూశావు!” కూతురు గొంతు చించుకుని అరిచింది. “ఆ ఆట వల్లే కదా మాట్లాడారు!”

“మళ్లీ మొదట్నుంచీ ఎక్కించు,” అంది తల్లి, పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

“ఆ సవతి ముస్తాబయ్యేంతసేపే కదే, మీ నాన్న ఎప్పుడైనా నాతో మాట్లాడింది!”