ముందు పడ్డ కాలు

వచ్చే నెల్లో మా వెర్మాంట్ రాష్ట్ర స్నోబోర్డు జట్టు ఎంపిక. మా స్నోబోర్డుల షాపులో మా అమ్మాయి మారెన్, బూట్లని బోర్డుకి బిగించే బైండింగులు నాలుగో జత కూడా విసిరికొట్టింది.

“గట్టివి బిగిస్తే గాల్లో మెలి తిరగలేకపోతున్నా. మెత్తవి బిగిస్తే మంచు వాలు మీద బోర్డు వణుకుతోంది నాన్నా!”

“మధ్యరకం కూడా ఇచ్చాగా! లోపం వాటిల్లో లేదే, నీ పిరికితనంలో ఉంది. పదేళ్ళుగా మొత్తుకుంటున్నా.”

“అయితే ఇక బోర్డే ఎక్కను, పో!” అని అటు తిరిగి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది. “తప్పుకో!” అని వెనకనుంచి ఒక్క తోపు తోశాను.

పడబోయి ఎడమకాలు ముందుకేసింది.

షాపుకొచ్చే ప్రతి కొత్తవాణ్ణీ నేను ఇలాగే వెనకనుంచి తోసి చూస్తాను. ఏ కాలు ముందు పడితే బోర్డు మీద ఆ కాలే ముందుండాలి. మారెన్ ఆరో ఏటినుంచీ కుడికాలు ముందుపెట్టే జారుతోంది. దాన్ని మాత్రం ఒక్కసారీ తోసి చూడలేదు.

“కుడికాలు ముందు పెట్టమని నీకెవరు చెప్పారే?”

“నువ్వే. నా చేతులు పట్టుకుని, ఎదురుగా నిలబడి, ‘అచ్చం నాలాగే నిలబడు’ అన్నావు. అద్దంలో బొమ్మలా నిలబడ్డాను.”

నేను ఎడమకాలు ముందుపెట్టేవాణ్ణి.

నేలమీద చతికిలబడి, బోర్డుకున్న బైండింగులు విప్పి, ఎడమకాలు ముందుకొచ్చేలా తిప్పి బిగించడం మొదలుపెట్టాను.

“ఏంటి నాన్నా, ఎందుకు తిప్పుతున్నావు?” అంది.

తలెత్తి దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు.